పాత గడియారమునకు క్రొత్త చైను
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై సాహిత్యమును గూర్చి, సంగీతమును గూర్చి మాట్లాడువారికి కొదువ లేదు. కార్యదర్శిగారు నన్ను పిలిచినది నాకు చిరకాలముగా ఉన్న మఱియొక వ్యసనమును గూర్చి చెప్పుటకు. అది పాత చేతి గడియారముల పిచ్చి. అందులోను నేడు ఒక చిన్న సంగతినే తీసికొనుచున్నాను. తండ్రిగారో తాతగారో ధరించిన మేలురకపు స్విట్జర్లాండు వాచీ బీరువాలో ఉన్నది. యంత్రము చక్కగా నడచును. చైను మాత్రము సాగి వ్రేలాడుచున్నది, లేదా తెగిపోయినది. దానికి బదులు ఎటువంటి చైను వేయించవలెను? చైను లేనిదే వాచీ చేతికెక్కదు. చేతికెక్కని వాచీ నేడు సొరుగులోని వస్తువు, రేపు అమ్మకపు వస్తువు. కనుక ఈ చిన్న ప్రశ్నను తేలికగా తీసివేయరాదని నా మనవి.

నా అభిప్రాయమును మొదటనే చెప్పుదును. చైను అరిగినచో మఱియొకటి తేవచ్చును. వాచీ చెవులు అరిగినచో తేలేము. చెవులనగా కేసునకు పైన రెండు, క్రింద రెండు పొడుచుకొనివచ్చిన కొమ్ములు. వాని లోపలి రంధ్రములలో స్ప్రింగు పిన్ను కూర్చుండును. ఆ పిన్ను చైనును పట్టుకొనును. చైను కదలినపుడెల్ల పిన్ను ఆ రంధ్రమును ఒరయుచుండును. ఏండ్లు గడచిన కొలది గుండ్రని రంధ్రము కోలగా మారును. లేజరుతో లోహము నింపి సరిచేయువారు లేకపోలేదు గాని, పాత అంచుల వాడి మరల రాదు. అందుచే చైనును ఎన్నుకొనునపుడు అందము, కంపెనీ పేరు తరువాతి మాటలు. ఈ చైను నా వాచీ చెవులను ఏమి చేయును అన్నది మొదటి మాట.

ఉదాహరణమునకు రోలెక్సు డేట్‌జస్టును తీసికొందము. హాన్స్ విల్స్‌డార్ఫ్ 1905లో లండనులో స్థాపించిన సంస్థకు నలువదేండ్లు నిండిన సందర్భమున, 1945లో ఈ వాచీ వెలువడినది. దానికై రూపొందించిన అయిదు వరుసల చైనుకు జూబిలీ అని పేరిడిరి. ఆ మొదటి వాచీలు బంగారువి. తరువాత ఉక్కువియు వచ్చినవి. 1960ల దశకములో విరివిగా వచ్చినది 1601 అను నమూనా. దాని కేసు 36 మిల్లీమీటర్లు. చెవుల నడుమ వెడల్పు 20 మిల్లీమీటర్లు. ఆ నాటి జూబిలీ చైను లింకులు పోతపోసినట్టి గట్టి ముక్కలు కావు. పలుచని ఉక్కురేకును మడిచి చేసినవి. అందుచేతనే అది చేతికి పూలదండవలె తేలికగా ఉండును. అందుచేతనే త్వరగా సాగును. రేకు సాగుననుట కంటె, లింకుల నడుమనున్న పిన్నులును వాని గూళ్ళును అరుగుననుట సరియైన మాట. చెమట, దుమ్ము కలిసి సానపొడివలె పనిచేయును. ఢిల్లీ వేసవి ఈ పనికి ఎంతగా తోడ్పడునో మీకు నేను చెప్పనక్కరలేదు. పరీక్ష సులభము. వాచీని ప్రక్కకు త్రిప్పి, కీ ఇచ్చు బొడిపె పైకి ఉండునట్లు పట్టుకొనుడు. చైను నిటారుగా ముందుకు నిలిచినచో బాగున్నది. ముసలి ఆవు మెడ క్రింది తోలువలె జారినచో అరిగినది.

అరిగినదని వెంటనే పారవేయరాదు. క్రొత్త పిన్నులు వేసి బిగించు పనివారు ఉన్నారు. అది వీలుకానపుడే బదులు వెదకవలెను.

వెదకునపుడు పెక్కుమంది చేయునది వెడల్పు చూచి కొనుట. 20 మిల్లీమీటర్ల వాచీకి 20 మిల్లీమీటర్ల చైను అని అంగడివాడు చెప్పును. మనము తల యూపుదుము. వెడల్పు సరిపోవుట సగము పని మాత్రమే. చైను కొసన, చెవుల నడుమ ఒదిగి కూర్చుండు వంపు ముక్క ఒకటి ఉండును. దానిని మరమ్మతు చేయువారు ఎండ్‌పీసు అందురు. దాని వంపు కేసు వంపుతో కలియవలెను. పాత 1601కు 6251హెచ్ అను జూబిలీ చైను వచ్చినపుడు ఎండ్‌పీసుపై 55 అను అంకె కనిపించును. ఆ అంకె ఏ కేసునకు ఏ ముక్క ఒదుగునో చెప్పు గుర్తు. వంపు కలియని ముక్కను బలవంతముగా దూర్చినచో అది చెవి లోపలి గోడను గీయుచుండును, పిన్నును వంచుచుండును. నా మిత్రుడొకరి వాచీ బస్సులో చేయెత్తి కడ్డీని పట్టుకొనినపుడు పిన్ను జారి క్రిందపడినది. ఆ చైను వెడల్పు సరిగా 20 మిల్లీమీటర్లే.

స్ప్రింగు పిన్నుల మాట కూడ ఇచ్చటనే చెప్పవలెను. వేలు పోసి చైను కొని, పాత తుప్పు పిన్నులనే తిరిగి వేయించువారిని చూచినాను. వాని ఖరీదు స్వల్పము. చైను మార్చినపుడెల్ల పిన్నులు మార్చవలెను. పిన్ను కొస రంధ్రమునకు సరిపోవలెను. సన్నని కొస పెద్ద రంధ్రములో ఊగుచు దానిని మఱింత పెద్దది చేయును.

ఇక బరువు. నేటి చైనులలో లింకులు గట్టి ఉక్కు ముక్కలు. చేతిలో పట్టుకొనిన వెంటనే "ఆహా, ఎంత దిట్టము!" అనిపించును. ఆ దిట్టతనము నేటి వాచీకి శోభ. పాత తేలిక వాచీకి భారము. చైను బరువుతో వాచీ మణికట్టు ప్రక్కకు జారుచుండును. ఆ లాగుడంతయు చెవులపైననే పడును. కనుక పాత వాచీకి తేలిక చైనే మేలు. ఇతర తయారీదారులు పాత నమూనా చొప్పున క్రొత్తగా చేయు చైనులలో తేలికవియు దొరకును. అసలు కంపెనీది కాదని వానిని చిన్నచూపు చూడనక్కరలేదు.

అసలు చైనే కావలెనని పట్టుపట్టువారికి ఒక హెచ్చరిక. 1960ల నాటి రోలెక్సు బకిలులపై లోపలి వైపున తయారైన సంవత్సరమును, అందలి త్రైమాసికమును తెలుపు అంకెలు ముద్రింపబడియుండును. 3, 67 అని యున్నచో 1967 మూడవ త్రైమాసికము. 1976 నుండి అంకెలకు బదులు అక్షరములు వచ్చినవి. ఇవి చూడదగినవే గాని, ముద్రలను నకలు చేయుట కష్టము కాదు. ఒక బకిలును మఱియొక చైనుకు తగిలించుట అంతకంటె సులువు. ముందు ఒదుగుబాటు చూచి, తరువాత అంకె చూడుడు.

బంగారు వాచీలున్నవారు మఱింత జాగ్రత్త పడవలెను. బంగారము మెత్తనిది. దాని చెవుల నడుమ ఉక్కు ఎండ్‌పీసు దిగించినచో బంగారమే అరుగును. అట్టి వాచీకి మంచి తోలు బెల్టు వేయుట ఉత్తమము. చెమటకు తోలు చివుకును, నిజమే. ఏడాదికొక బెల్టు కొనుట చెవులు పోగొట్టుకొనుట కంటె చౌక. పాత బంగారు చైను ఇంట ఉన్నచో, హాల్‌మార్కు లేదని దానిని శంకించి కరగింపకుడు. మన దేశమున బంగారు నగలపై ఆ ముద్ర 2000 నుండి మాత్రమే వచ్చినది.

జెనీవాలో 1835లో ఆరంభమైన గే ఫ్రేర్ అను సంస్థ పాటెక్ ఫిలిప్, రోలెక్సు వంటి కంపెనీలకు చైనులు చేసియిచ్చెడిది. 1998లో రోలెక్సు దానిని కొనినది. వారు చేసిన వానిలో ఒక రకమును ఆంగ్లేయులు బియ్యపుగింజల చైను అని పిలుతురు. చిన్న కోలగింజలు వరుసలుగా కూర్చినట్లుండును. మన స్త్రీల మెడలోని గుండ్లపేరును ఎరిగిన కన్నుకు అది క్రొత్తగా తోచదు. 18 మిల్లీమీటర్ల చెవులు గల పాత ఒమేగాలకు నేడు ఆ తీరున చేయు తేలిక చైను ఎంతయు నప్పునని నా అభిరుచి. రబ్బరువలె సాగి ముడుచుకొను చైనులు, 1959లో అమెరికాలో స్పైడెల్ సంస్థ తెచ్చిన ట్విస్ట్-ఓ-ఫ్లెక్స్ వంటివి, పెద్దలకు వాడుక సులువు. నాకు మాత్రము అవి గిట్టవు. వాని కొసలు చెవులను గీయును, చేతి వెండ్రుకలను పీకును.

హెచ్.ఎం.టి. వాచీలు గలవారు, మాది విలాసవస్తువు కాదుగదా అనుకొనవలదు. 1961లో బెంగుళూరు కర్మాగారమున మొదలైన ఆ వాచీల తయారీ ముగింపునకు 2016లో కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపినది. వాని చెవులకును ఇదే న్యాయము.

సోదరీమణులకు ఒక మాట. వాచీ ప్రక్కన గాజులు వేసికొనినచో రెండును గీసికొనును. వాచీని రెండవ చేతికి మార్చుట మంచిది.

పాత చైనును మాత్రము, ఎంత సాగినను, పారవేయవలదు. వాచీనుండి విడదీసి, సబ్బునీట మెత్తని కుంచెతో కడిగి, బాగుగ ఆరబెట్టి, తీసివేసిన లింకులతో సహా ఒక కవరులో ఉంచి, పైన వాచీ పేరు వ్రాయుడు. ఎవరైన తమ వాచీని నేడు వెంట తెచ్చియున్నచో, కొలతకు వెర్నియరు నా సంచిలో ఉన్నది. ఫలహారముల వేళ ఆ మూల బల్ల వద్ద కూర్చుందును.