క్లోమములో కంచె చేను మేయుట



మధుమేహమనగానే మనకు నడివయసు, స్థూలకాయము, మిఠాయిపొట్లము తోచును. నేను చెప్పబూనినది వేరొకటి. ఎక్కువగా పిల్లలకును యువకులకును వచ్చునట్టి, ఇన్సులిన్ లేనిదే ప్రాణము నిలువనట్టి మొదటి రకపు మధుమేహము.

పొట్టకు వెనుక అడ్డముగా నుండు గ్రంథి క్లోమము. దానియందు చిన్న దీవులవంటి కణసముదాయములు ఇంచుమించు పదిలక్షలు కలవు. 1869లో లాంగర్‌హాన్స్ అను జర్మను విద్యార్థి వానిని వర్ణించెను. అన్నియు కలిపినను క్లోమపు బరువులో నూటికి రెండు పాళ్లకు మించవు. వీనిలోని బీటా కణములే ఇన్సులిన్‌ను తయారుచేయును.

రోగక్రిములను చంపుటకై మన రక్తమున తెల్లకణములు కావలి కాయుచుండును. కొందరిలో వీనికి తనపర భేదము తప్పును. జన్యువులు అందుకు చోటిచ్చును. వైరసులు పురికొల్పునేమోయని శాస్త్రజ్ఞుల అనుమానము. అంతట కంచె చేను మేసినట్లు ఇవి దీవులలో చొరబడి బీటా కణములను ఏరి చంపును. ప్రక్కనున్న ఆల్ఫా కణముల జోలికి పోవు! 1965లో బెల్జియం వైద్యుడు గెప్ట్స్, వ్యాధి బయటపడిన కొలదికాలమునకే మరణించిన 22 మంది క్లోమములను పరీక్షించి 15 మందిలో ఈ చొరబాటును చూచెను. 2007లో ఫ్లోరిడాలో ఆరంభమైన పరిశోధనా బృందము సేకరించిన దాతల క్లోమములందు మరియొక వింత కలదు. ఒక భాగమున దీవులన్నియు బీటా కణశూన్యములు. దాని ప్రక్కభాగమున చెక్కుచెదరనివి.

ఈ నాశనము నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు సాగును. రక్తమున ప్రతిదేహములు ముందే కనబడును గాని బిడ్డ ఆడుకొనుచునే యుండును. మిగిలిన కణములు చాలనినాడు దాహము, అతిమూత్రము, చిక్కిపోవుట బయలుపడును. తల్లి తీపి పెట్టినందున వచ్చినది కాదు. ఆ నింద ఆమెపై వేయుట అన్యాయము.

మలేరియా ఎరిగిన ఈ భేజ్జి ప్రాంతమున వాంతులు, ఆయాసము, మగత చూచి జ్వరమేయనుకొనుట సులభము. ఇన్సులిన్ లేక రక్తమున ఆమ్లము పెరిగినను ఇవియే లక్షణములు. వేలిచివరి రక్తపుచుక్కతో చక్కెర తెలియును. అది హెచ్చుగానున్నచో తెల్లవారువరకు ఆగక కోంటాకు, అవసరమైన భద్రాచలమునకు బిడ్డను చేర్చవలెను. అయితే బక్కపలుచని రోగులందరిది ఇదే వ్యాధి కాదు. పోషకాహారలోపముచే వచ్చు మధుమేహమును అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025లో అయిదవ రకముగా గుర్తించినది.

1922 జనవరిలో టొరాంటోలో 14 ఏండ్ల బాలునికి తొలిసారి ఇన్సులిన్ ఎక్కించిరి. నేడది సీసాలో దొరకును. మన ఎండలే దానికి శత్రువులు. ఫ్రిజ్ లేనిచో పెద్దకుండలో తడియిసుక పోసి, అందు చిన్నకుండను దించి, దానిలో సీసానుంచి తడిగుడ్డ కప్పవలెను. ఇసుకను దినమునకు రెండుమారులు తడుపవలెను.