ఉటంకింపుల లెక్కయు, ఎల్లాప్రగడ సుబ్బారావుగారి కృషియు



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన దినమున దాని ఇష్యూ రిజిష్టరును తిరుగవేసి చూచుట సహజము. ఏ పుస్తక మెన్నిసార్లు ఇండ్లకు పోయినదో అందు తెలియును. కాని బల్లకడనే కూర్చుండి విప్పి చూచు నిఘంటువు ఆ రిజిష్టరున కెక్కదు. కడపలో కొలువు చేసిన బ్రౌను దొర నిఘంటువు నెంద ఱెన్నిసార్లు తెఱచి చూచిరో ఏ పద్దునందును లేదు.

శాస్త్రలోకమునకును ఇట్టి రిజిష్ట రొకటి కలదు. పరిశోధకుడు వ్యాసము ప్రకటించునపుడు తనకు తోడ్పడిన పూర్వవ్యాసములను పేర్కొనును. దీనిని ఉటంకింపు అందురు. ఏ వ్యాసమును ఎందఱు ఉటంకించిరో తెలుపు సూచికను అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డు 1960 తరువాతి సంవత్సరములలో వెలువరించెను. గ్రంథములు వెదకుటకు పుట్టిన యీ సాధనము క్రమముగా మనుష్యులను తూచు త్రాసైనది. ఉద్యోగములు, పదోన్నతులు, పరిశోధనకు ధనసహాయము, అన్నియు దానిపై ఆధారపడసాగినవి. కర్నూలు, కడప విశ్వవిద్యాలయములలో జీవశాస్త్రము చదువు పల్లెటూరి బిడ్డలకును ఈ త్రాసు తప్పదు.

దీనిలో సుబ్బారావుగారిని తూచి చూడుడు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికాకు పోయి, ఆసుపత్రిలో చిన్న కొలువు చేయుచు హార్వర్డున చేరిన వాడాయన. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఒక జీవరసాయన పత్రికలో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. పరీక్షింపవలసిన ద్రవమునకు ఆమ్లమును, మాలిబ్డినము లవణమును చేర్చి, పిమ్మట మఱియొక రసాయనమును కలిపినచో నీలిరంగు వచ్చును. భాస్వర మెంత హెచ్చైన రంగంత చిక్కన. ఒకప్పుడు నీలిమందు పండించి ఎగుమతి చేసిన కడప సీమవారికి రంగుబట్టి సరుకు నంచనా వేయుట క్రొత్త గాదు. ఇట్టి నీలివర్ణపు పరీక్షలు అంతకు ముందును కలవు. వానిని త్వరగా, నమ్మకముగా జరుగునట్లు చేసినది ఈ వ్యాసము. రక్తమును పరీక్షించు ప్రతి ప్రయోగశాలకును అది పనికివచ్చెను. ఇరువదవ శతాబ్దమున అత్యధికముగా ఉటంకింపబడిన వ్యాసములలో నది యొకటి.

ఆ కొలతతోనే ఆయన కండరములను శోధించి 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏటీపీని ఫిస్కేతోపాటు ప్రకటించెను. జీవకణములకు ఏటీపీ శక్తి నాణెము. అదే యేట జర్మనీలో లోమానును దానిని స్వతంత్రముగా కనుగొనెను. ఇంతవరకు రిజిష్టరు బాగుగనే పలుకును.

1940లో సుబ్బారావుగారు లెడర్లే ఔషధ సంస్థకు పోయిరి. ఆయన నాయకత్వమున అచట ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. కణములలో డీఎన్ఏ నిర్మాణమునకు అది యవసరము. దానిని పోలియుండి దాని పనిని అడ్డగించు అమినోటెరిన్ అను మందును అచటనే చేసిరి. బోస్టనులో సిడ్నీ ఫార్బరు దానిని రక్తక్యాన్సరు బాలల కిచ్చి, కొందఱిలో వ్యాధి తాత్కాలికముగా వెనుదిరుగుటను 1948లో ప్రకటించెను. ఆ వ్యాసకర్తలలో సుబ్బారావుగారి పేరు లేదు. ఆ యేడే ఆరియోమైసిను డగ్గరు పేరిట వెలువడెను. ఆగస్టులో సుబ్బారావుగారు మరణించిరి. అమినోటెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేటును నేడు కీళ్లవాతమునకు సైతము వాడుచున్నారు. చీటీ పట్టుకొని మందులకొట్టునకు పోవు రోగి ఎవరినని ఉటంకించును?

లెక్క యబద్ధమని కాదు. అది పద్ధతులను హెచ్చుగా చూపును. 2014లో నేచర్ పత్రిక నూఱు అత్యధికోటంకిత వ్యాసముల నెంచగా, మాంసకృత్తులను కొలుచు లౌరీ వ్యాసము మూడు లక్షలకు మించిన ఉటంకింపులతో మొదట నిలిచినది. డీఎన్ఏ జంటమెలిక రూపమును తెలిపిన 1953 నాటి వాట్సన్, క్రిక్కుల వ్యాసమునకు ఆ నూఱింటిలోనే చోటు దొరకలేదు! బడిపుస్తకములకెక్కిన సత్యమును ఉటంకించు నక్కఱ ఎవరికిని తోచదు కాబోలు.

ఈ త్రాసును మితిమీఱి నమ్మినందువలన డబ్బు తీసికొని ఏదైనను అచ్చువేయు పత్రికలు పుట్టినవి. పత్రికల స్థాయినిబట్టి పరిశోధకుని తూచరాదని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడిన శాస్త్రజ్ఞులు ప్రకటన సిద్ధపఱచిరి. పిహెచ్.డి.కి ముందు వ్యాసము ప్రకటించి తీరవలెనన్న నిబంధనను యూనివర్సిటీ గ్రాంట్సు కమీషను 2022లో తొలగించినది. నియామకముల సంగతి వేఱు. అచట సంఖ్యల కింకను విలువ కలదు.

ఇక కర్నూలు, కడప మెట్టపొలముల వేరుసెనగ రైతు సూపరు ఫాస్ఫేటు వేయుటకు ముందు మట్టిని పరీక్షకు పంపినచో, భాస్వరపు లెక్క సాధారణముగా తేలునది ఆ జాతి నీలివర్ణపు పరీక్షతోనే. అతని చేతికి వచ్చు చీటీపై అంకెలుండును, ఎరువు మోతాదుండును, పేరులుండవు.