నీరు చేరే చోట లెక్క: నార్వే అనుభవం, గోదావరి డెల్టా
(కోరుకొండలో చేసిన స్మారకోపన్యాసం)

ఒక దేశం తన గాలిని, నీటిని, నేలను ఎలా చూసుకుంటోందో తూచడానికి రెండు దారులున్నాయి. దేశం మొత్తానికి ఒక అంకె ఇచ్చి వరుసలో నిలబెట్టడం ఒకటి. యేల్, కొలంబియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2022లో ఇచ్చిన పర్యావరణ పనితీరు సూచిక అలాంటిదే. అందులో 180 దేశాల్లో డెన్మార్క్‌ది మొదటి స్థానం, భారత్‌ది చివరి స్థానం. ఆ లెక్కకట్టిన తీరును భారత ప్రభుత్వం తిరస్కరించింది. ఏటి దగ్గర, కాలువ దగ్గర, సముద్రపు పాయ దగ్గర నిలబడి అక్కడికి ఏం వచ్చి చేరుతోందో కొలవడం రెండో దారి. మొదటిది పత్రికల్లో పతాక శీర్షిక అవుతుంది. పాలనకు పనికివచ్చేది రెండోదే.

ఆ రెండో దారికి నార్వే ఒక ఉదాహరణ. ఆ దేశం గురించి సాధారణంగా చెప్పే విషయాలు అందరికీ తెలిసినవే. కరెంటులో అత్యధిక భాగం జలవిద్యుత్తు. కార్బన్ పన్ను 1991 నుంచీ ఉంది. 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింటికి దాదాపు తొమ్మిది బ్యాటరీతో నడిచేవే. అదే దేశం చమురు, సహజవాయువు తవ్వి పరదేశాలకు అమ్ముతోంది. ఈ వైరుధ్యం మీద ఇప్పటికే ఎంతో చర్చ జరిగింది. గోదావరి జిల్లాల వారికి అంతకన్నా దగ్గరి విషయం మరొకటుంది. అది చేపల పెంపకం.

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆ ఇంజనీరు ఉద్యోగ జీవితం ఈ పుస్తకపు ముందుమాటలో వివరంగానే ఉంది. అందులో లేనిది ఒక్కటే చెప్పాలి. నేల, కాలువల మట్టాలు రాసుకునే లెవెల్ పుస్తకాన్ని చదవడం ఉపన్యాసకర్తకు నేర్పింది ఆయనే. భోజనాల దగ్గర వాదం నచ్చకపోతే మజ్జిగ అన్నం మిగిలి ఉండగానే చెయ్యి కడుక్కుని లేచిపోయేవారు. ఆక్వా, అంటే చేపల, రొయ్యల పెంపకం విషయంలో ఇద్దరికీ చివరిదాకా పొసగలేదు. చెరువు రైతును సరిదిద్దితే డ్రెయిను (మురుగు కాలువ) దానంతటదే బాగుపడుతుందని ఆయన పక్షం. డ్రెయినుకే ఒక హద్దు లేకపోతే రైతు ఎంత మంచివాడైనా ఫలితం లేదని ఉపన్యాసకర్త పక్షం. ఆయన పేరిట జరిగే సభలోనే ఆ వాదం కొనసాగించనివ్వడం నిర్వాహకుల పెద్దమనసు.

నార్వేలో సాల్మన్ చేపల పెంపకానికి 1973 నుంచి లైసెన్సు తప్పనిసరి. 1987లో అక్కడి చేపలకు ఏడాదికి దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్స్ వాడారు. అప్పటి ఉత్పత్తి 50 వేల టన్నుల ప్రాంతంలో ఉండేది. తర్వాత టీకాలు వచ్చాయి, పెంపకపు స్థలాల మధ్య దూరం పెరిగింది, ఒక పంటకూ మరో పంటకూ నడుమ నీటికి విరామం ఇవ్వడం అలవాటైంది. ఇప్పుడు ఉత్పత్తి 15 లక్షల టన్నులకు చేరింది. యాంటీబయాటిక్స్ వాడకం మాత్రం ఏడాదికి ఒక టన్ను కన్నా తక్కువ. మందుల కథ అలా ఒక కొలిక్కి వచ్చింది కానీ సాల్మన్ పేను సమస్య తీరలేదు. మన చెరువుల్లో బొచ్చె, రోహులకు పట్టే పేనులాంటిదే అది. పెంపకపు వలల నుంచి బయటపడి, సముద్రానికి వెళ్లే అడవి సాల్మన్ పిల్లలను చంపుతుంది.

దీనికోసం నార్వే 2017లో తీరాన్ని 13 మండలాలుగా విభజించింది. ఒక్కో మండలంలో పేను వల్ల చనిపోయే అడవి సాల్మన్ పిల్లల శాతాన్ని శాస్త్రవేత్తలు అంచనా వేస్తారు. అది 10 శాతం లోపుంటే పచ్చ, 30 దాటితే ఎరుపు, నడుమ పసుపు. పచ్చ మండలంలో పెంపకం 6 శాతం పెంచుకోవచ్చు. ఎరుపులో 6 శాతం తగ్గించుకోవాలి. పసుపులో ఉన్నది ఉన్నట్టే. ఇక్కడ గమనించవలసింది ఒక్కటే. హద్దు పెట్టింది నీటికి, కంపెనీకి కాదు.

గోదావరి డెల్టాలో లెక్క దీనికి పూర్తిగా తలకిందులు: హద్దు చెరువుకే, నీటికి కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టాకు నీళ్లొచ్చాయి. కొల్లేటిలో చేపల చెరువులు, తీరంలో టైగర్ రొయ్య, 1990ల నడుమ తెల్లమచ్చ వ్యాధి, 2009లో వనామి రకం రొయ్యకు అనుమతి, ఆ పైన మంచినీటి ప్రాంతాల్లో కూడా రొయ్య. ఈ క్రమం సభికులకు తెలిసినదే.

తగవంతా చట్టం దగ్గరుంది. తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం తీర్పు చెప్పింది. పంటభూములనూ మడ అడవులనూ గ్రామ ఉమ్మడి భూములనూ రొయ్యల చెరువులుగా మార్చరాదంది. రొయ్యల వల్ల వచ్చే రాబడి కన్నా జరిగే నష్టమే ఎక్కువని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) ఇచ్చిన నివేదికను ఆధారం చేసుకుంది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి ఆ తీర్పు పట్టును సడలించింది. ఉప్పునీటి పెంపకానికి రిజిస్ట్రేషన్ పెట్టింది. 2023 సవరణ జైలుశిక్షను తీసేసి జరిమానాతో సరిపెట్టింది. లోపలి ప్రాంతాల మంచినీటి చెరువుల కోసం 2020లో ఆంధ్రప్రదేశ్ సొంత అథారిటీ చట్టం తెచ్చింది. ఇన్ని చట్టాలు మారినా కొలిచే ప్రమాణం మారలేదు. లైసెన్సు చెరువుకే, తనిఖీ చెరువుకే. తీరంలో వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఏర్పాటు కూడా నిర్ణీత విస్తీర్ణం దాటిన పెద్ద క్షేత్రాలకే తప్పనిసరి. డెల్టాలో చెరువులు ఎక్కువగా చిన్నవి, ఆ హద్దు లోపలే ఉండేవి. పట్టుబడి రోజున ఒక్కో చెరువు వదిలే నీరు చట్టం దృష్టిలో చిన్నదే. అదంతా కలిసి యనమదుర్రు డ్రెయినులోకో గోస్తనీ డ్రెయినులోకో చేరినప్పుడు దాన్ని చూసే ఏర్పాటు ఈ చట్టాల్లో కనిపించదు.

హద్దు డ్రెయినుకే పెట్టాలన్న వాదనకు వచ్చే అభ్యంతరాలు మూడు. నార్వేలో ఉన్నవి పెద్ద కంపెనీలు, ఇక్కడివాళ్లు ఎకరాకింతని కౌలు కట్టే రైతులు అన్నది మొదటిది. ఆ మాట నిజమే. అందుకే డ్రెయిను లెక్క అవసరం మరీ ఎక్కువ. వేల చెరువుల గట్ల మీదికి అధికారిని పంపడం కన్నా ఒక్కో డ్రెయిను మీద నాలుగు చోట్ల గేజి పెట్టి నీటిలో ఆక్సిజన్, అమ్మోనియా, ఉప్పు చూడటం తేలిక.

రెండోది, పక్కవాడు చేసిన తప్పుకు మంచి రైతు ఎందుకు నష్టపోవాలన్నది. నార్వేలోనూ సరిగ్గా ఈ వాదంతోనే నాలుగో మండలంలోని కంపెనీలు కోర్టుకెక్కాయి. 2021లో జిల్లా కోర్టు ప్రభుత్వ పక్షానే నిలిచింది. అంత దూరం పోనక్కర్లేదు. దాళ్వాలో (రెండో పంటకు) నీరు చాలనప్పుడు డెల్టా రైతు వంతులవారీ విధానానికి ఒప్పుకుంటాడు. నీరు పొదుపుగా వాడినవాడికీ దుబారా చేసినవాడికీ వంతు ఒకటే. కాలువ కింద ఎంత ఆయకట్టుకు నీరివ్వాలో సాగునీటి సలహా మండలి నిర్ణయిస్తే ఆ నిర్ణయం అందరిదీ అవుతుంది. వచ్చే నీటి విషయంలో ఈ ఉమ్మడి హద్దు తరతరాలుగా ఉంది. పోయే నీటి విషయంలో అదే హద్దు పెడితే అన్యాయమనడం నిలవదు. స్మారకోపన్యాసానికి కారకులైన పెద్దాయన ఈ ఒక్క వాదానికి మాత్రం జవాబివ్వకుండా ఊరుకునేవారు.

మూడో అభ్యంతరం బరువైనది: నార్వే తానే గెలవలేదు కదా అని. 2021లో అక్కడి అడవి సాల్మన్ ప్రమాదపు అంచున ఉన్న జాతుల జాబితాకెక్కింది. 2024 వేసవిలో 33 నదుల్లో సాల్మన్ వేటను ఆపేశారు. 2025లో నార్వే ప్రభుత్వమే ఈ మూడు రంగుల పద్ధతిని మార్చాలని శ్వేతపత్రంలో ప్రతిపాదించింది. ఇవన్నీ నిజం. అయితే నది నదికీ లెక్క ఉంది కాబట్టే 33 అన్న సంఖ్య తెలిసింది. హద్దు ఎలా పెట్టాలన్నది వాళ్ల వాదం, కొలత ఉండాలా వద్దా అన్నది కాదు. డెల్టాలో ఏ డ్రెయినులో చేపలు తేలాయో మరునాటి పత్రికలో చూసి తెలుసుకోవలసి వస్తోంది.

డ్రెయిను లెక్క ఇక్కడివారికి కొత్తదేమీ కాదు. 1964 వరదల తర్వాత మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు కాలువలను పరిశీలించింది. 1968లో డ్రెయినేజీ సెస్సు చట్టం వచ్చింది. డెల్టా రైతు డ్రెయిను కోసం విడిగా పన్ను కట్టాడన్న మాట. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో పూడిన డ్రెయిన్లు కూడా ఉన్నాయి. అయితే ఈ అరవై ఏళ్లలో డ్రెయినును చూసిన చూపు ఒక్కటే: నీరు ఎంత తొందరగా పోతుందని. ఆ నీటిలో ఏముందన్న ప్రశ్నకు లెవెల్ పుస్తకంలో గడి లేదు.

ఆ గడిని చేర్చే పనిలోనే ఉపన్యాసకర్త ఉన్నాడు. డ్రెయిను పుట్టుక డెల్టాలోనే అనుకోవడం పొరపాటు. కోరుకొండ, గోకవరం, సీతానగరం మెట్టలో కురిసిన వాన కూడా వాగుల వెంట పల్లానికే దిగుతుంది. పురుషోత్తపట్నం దగ్గర పుష్కర ఎత్తిపోతల పథకం గోదావరి నీటిని మెట్టకు ఎక్కిస్తోంది. ఆ నీరు వాడుకున్నాక మిగిలింది ఎరువునూ మందునూ వెంటబెట్టుకుని కిందికే పోతుంది. అందుకే సిద్ధమవుతున్న ‘డ్రెయిన్ల చిట్టా’ మొదటి సంపుటం మెట్ట వాగులు, చెరువులు, కలుజులతో మొదలవుతుంది. ఒక్కో వాగు ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో, దాని ఒడ్డున ఏ పంట ఏ నెలలో ఉంటుందో, వేసవిలో నీరుంటుందో లేదో అందులో నమోదవుతున్నాయి. రెండో సంపుటం తూర్పు డెల్టా డ్రెయిన్లది. యనమదుర్రు, ఉప్పుటేరు పరిసరాలు మూడోదానిలో వస్తాయి.

ఈ పనికి ఇప్పుడు లేనివి పాత కొలతలు. కోరుకొండ చుట్టుపక్కల ఊళ్లలో కరణాల ఇళ్లలోనో, పదవీ విరమణ చేసిన వర్క్ ఇన్‌స్పెక్టర్ల దగ్గరో, నీటి సంఘాల మాజీ అధ్యక్షుల బీరువాల్లోనో లెవెల్ పుస్తకాలు, గేజి రిజిస్టర్లు, చెరువుల నక్షాలు ఉండి ఉంటే, చెదలు పట్టకముందే వాటిని ఒకసారి చూడనివ్వాలని ఈ పుస్తకం చదివేవారికి మనవి. నకలు తీసుకుని అసలు ప్రతి అదే రోజున తిరిగి అందజేయడం జరుగుతుంది.