షష్టిపూర్తి కానుకగా చేతిగడియారం



గోదావరీ స్నానం చేసి లక్సెట్టిపేటలో ఈ సభకు విచ్చేసిన మీలో, తండ్రిగారి షష్టిపూర్తికి చేతిగడియారం ఇవ్వవచ్చునా అని కొందరు అడుగుచున్నారు. నిరభ్యంతరంగా ఇవ్వవచ్చును.

గడియారమను మాటలోనే మన గడియ ఉన్నది. గడియకు 24 నిమిషాలు. 60 గడియలు ఒక అహోరాత్రం. ప్రభవ మొదలు అక్షయ వరకు గల 60 సంవత్సరాల చక్రం తిరిగి, జన్మసంవత్సరం మరల వచ్చుటయే షష్టిపూర్తి. కనుక ఆనాడు కాలాన్ని తెలిపే వస్తువు ఉచితమైన కానుకయే.

ఎన్నుకొనునప్పుడు వెలను గాక వయస్సును చూడండి. అంకెలు పెద్దవిగా, ముళ్లు స్పష్టంగా ఉండవలెను. బెల్టు వణికే వేళ్లకు సులువుగా అమరవలెను. నిత్యపూజ చేయువారికి తోలుబెల్టు వద్దు, లోహపుది మేలు. షష్టిపూర్తి దంపతుల వేడుక, తల్లిగారిని మరువకండి.

1961లో బెంగుళూరులో, జపానుకు చెందిన సిటిజెన్ సంస్థ సహకారంతో హెచ్.ఎం.టి. వారు చేతిగడియారాల తయారీ ప్రారంభించిరి. వారి ‘జనతా’ గడియారానికి ప్రతిదినం కీ ఇవ్వవలసియుండెను. నేటి గడియారాలు బ్యాటరీతో, ఎవరూ తాకకున్నను ఏండ్ల తరబడి నడచును. తల్లిదండ్రులు అట్లు నడువలేరు. దూరదేశపు బిడ్డ పంపిన గడియారాన్నే చూచుకొనుచు, ఆ బిడ్డ ఫోను వచ్చు వేళకై ఎదురుచూచు వృద్ధులను ఈ ప్రాంతంలోనే నేనెరుగుదును.

కావున గడియారంతోపాటు దినమునకొక గడియ కూడ వారికి సమర్పించండి. 24 నిమిషాలే గదా!

స్వస్తి.