సిటీ లైట్స్: నవ్వులో దాగిన దయ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున సినిమానుగూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోపవచ్చును. పుస్తకముల నడుమ నిలిచి తెరబొమ్మల ప్రశంస యేల అని అడుగువారును ఉందురు. దానికి నా సమాధానము ఒక్కటే. అక్షరము రానివాడును చదువుకొనదగిన గ్రంథములు లోకమున కొన్ని కలవు. చార్లీ చాప్లిన్ తానే కథ వ్రాసి, తానే నిర్మించి, తానే దర్శకత్వము వహించి, తానే నటించిన ‘సిటీ లైట్స్’ అను హాస్యచిత్రము అట్టి గ్రంథము. మన భాషలో చెప్పవలెనన్న ‘నగర దీపములు’. అందలి పాత్రల మాట మనకు వినబడదు. అక్కడక్కడ తెరపై కొలది అక్షరములు కన్పట్టును. అవి చదువలేకున్నను కథ తెలియును. లండను పండితునకును మన ఊరి పశువుల కాపరికిని ఒకే తీరుగా అర్థమగు పుస్తకమిది.

ఈ చిత్రము 1931 జనవరి 30వ తేదీన అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమున మొదట ప్రదర్శింపబడెను. నాడు శాస్త్రవేత్త ఐన్‌స్టీన్ చాప్లిన్‌కు అతిథిగా వచ్చెను. మరుసటి నెలలో లండను ప్రదర్శనమునకు బెర్నార్డ్ షా వచ్చెను. అప్పటికి మాటలాడు చిత్రములు వచ్చి మూడేండ్లు దాటినది. మూగచిత్రములకు కాలము చెల్లినదని అందరును అనుకొనుచుండిరి. మన దేశమునను ఆ యేడే మార్చి నెలలో ‘ఆలం ఆరా’ మాటలాడెను. మరుసటి యేట ‘భక్త ప్రహ్లాద’ తెలుగున మాటలాడెను. లోకమంతయు మాట నేర్చుకొనుచున్న వేళ చాప్లిన్ మౌనమునే పట్టుకొని కూర్చుండెను. సంగీతమును మాత్రము చాలవరకు తానే కూర్చి చిత్రమునకు జతపరచెను.

ఆ మౌనమునకు ఆతని బాల్యముతో సంబంధము కలదో లేదో నేను చెప్పజాలను. కాని ఆతని దయకు మాత్రము తప్పక కలదు. చాప్లిన్ 1889లో లండనులో జన్మించెను. తల్లిదండ్రులిరువురును రంగస్థల గాయకులు. తండ్రి కుటుంబమును విడిచి, త్రాగుడుకు లోబడి 1901లో మరణించెను. తల్లికి మతి చలించెను. ఏడేండ్ల వయసున ఆ బాలుడు ‘వర్క్‌హౌస్’ అనబడు అనాథశాలలో చేరవలసివచ్చెను. పనిచేయించుకొని పట్టెడన్నము పెట్టు చోటది. అందు తల్లిని బిడ్డలను వేరుచేసి ఉంచెడివారు. కావున చాప్లిన్ పేదరికమును మేడమీదినుండి చూచినవాడు కాడు, దాని నేలమీద పండుకొనినవాడు.

ఇక కథకు వత్తము.

చిత్రారంభమున నగర కూడలిలో పెద్ద సభ జరుగుచుండును. ‘శాంతి సౌభాగ్యములు’ అను పేర నెలకొల్పిన గొప్ప స్మారక విగ్రహములకు ముసుగు తొలగించు ఉత్సవమది. పురప్రముఖులు ఉపన్యసించుచుందురు, కాని వారి నోట మాటకు మారుగా పీపీ బూర కూత వినవచ్చును. మాటలాడు చిత్రములమీదను, నావంటి ఉపన్యాసకులమీదను ఆతడు వేసిన చెణుకది. ముసుగు తొలగింపగనే విగ్రహము ఒడిలో ఇల్లులేని దేశద్రిమ్మరి ఒకడు హాయిగా నిద్రించుచు కనబడును. ఇరుకు కోటు, వదులు లాగు, అరిగిన బూట్లు, చేత బెత్తము. అందరును గద్దింతురు. ఆతడు దిగబోగా విగ్రహము చేతి కత్తికి లాగు తగులుకొనును. సరిగా అప్పుడే జాతీయగీతము మ్రోగును. సభవారందరును నిటారుగా నిలుతురు. కత్తికి వ్రేలాడుచునే ఆతడును నిలువ ప్రయత్నించును. పౌరధర్మము తెలిసినవాడే; కాలు మోపుటకు చోటు మాత్రము లేదు. సౌభాగ్యమునకు శిల్పము కట్టిన నగరమున ఇల్లులేనివానికి ఆ శిల్పమే పడక అయినది. ఇంతకుమించి ఏ అర్థశాస్త్రజ్ఞుడు చెప్పగలడు?

ఆ దిమ్మరి వీధిమూలను పూలమ్ము ఒక అంధబాలికను చూచును. బండ్ల రద్దీని తప్పించుకొనుటకై ఆగియున్న ఒక మోటారులో ఈ వైపున ఎక్కి ఆ వైపున దిగును. తలుపు మూసిన చప్పుడు విని ఆమె ఆతడు ధనవంతుడని తలంచును. ఆతడు తన చివరి నాణెమిచ్చి పువ్వు కొనును. చిల్లర ఇచ్చులోపల అసలు యజమాని వచ్చి మోటారు తలుపు వేసికొని పోవును. చిల్లర అడుగక వెడలిన ఉదారుడని ఆమె మురియును. దిమ్మరి ఆమె భ్రమను చెదరగొట్టలేక అడుగుల చప్పుడు కాకుండ తొలగి, దూరముగా కూర్చుండి ఆమెనే చూచుచుండును. ఆమె పూలపాత్ర కడిగిన నీరు తెలియక ఆతని ముఖముననే చల్లును. చూచువారు పకపక నవ్వుదురు. ఈ చిన్న ఘట్టమును, అంధబాలిక ఆతనిని ధనికుడని ఎట్లు పొరబడవలెనో తేలకపోవుటచే, చాప్లిన్ 300కు పైగా పర్యాయములు చిత్రించెనని ప్రసిద్ధి. పూలమ్మి పాత్ర ధరించిన వర్జీనియా చెరిల్‌ను నడుమ తొలగించి మరల పిలిపించుకొనెను కూడ.

ఆ రాత్రి నదీతీరమున ఒక కోటీశ్వరుడు తప్పత్రాగి, భార్య విడిచిపోయినదన్న దుఃఖమున, మెడకు ఉచ్చుతో రాయి కట్టుకొని నీట దూకబోవుచుండును. దిమ్మరి ఆతనిని వారించును. ఆ తొందరలో రాయి తానే నీటిలోనికి తీసికొనిపోవును. ఇద్దరును తడిసి ముద్దయై ఒడ్డున పడిన తరువాత కోటీశ్వరుడు వానిని కౌగిలించుకొని, తన ప్రాణమిత్రుడని మేడకు కొనిపోవును. విందులు, నాట్యశాలలు, చివరకు తన మోటారును కూడ ఇచ్చును. తెల్లవారి మత్తు దిగగనే ఆ మిత్రుడెవ్వడో తనకు తెలియదనును. మరల త్రాగిన మరల కౌగిలింత. మరల మెలకువ, మరల గెంటివేత.

మన భాగవత భారతములు ఎరిగినవారికి ఈ పాత్ర క్రొత్తది కాదు. కుచేలుడు చింకిగుడ్డలతో ద్వారకకు వచ్చినప్పుడు శ్రీకృష్ణుడు దూరముననే గుర్తించి, ఎదురేగి, తన పాన్పుపై కూర్చుండబెట్టి పాదములు కడిగెను. ద్రోణుడు పేదరికముతో వచ్చినప్పుడు, ఒకే గురువునొద్ద చదివిన ద్రుపదుడు, రాజునకు నిరుపేదతో చెలిమి యేమని పొమ్మనెను. మన పెద్దలు ఆ గుణములను ఇద్దరు రాజులకు పంచియిచ్చిరి. చాప్లిన్ ఆ రెంటిని ఒకే మనిషిలో ఇమిడ్చెను. ఈ కోటీశ్వరుడు రాత్రి కృష్ణుడు, పగలు ద్రుపదుడు. ఇందు విచారింపవలసిన సంగతి కలదు. ఆతడు దుష్టుడు కాడు. ఆతనిలో దయ లేకపోలేదు. మత్తులో అంతరము మరచినప్పుడు అది పొంగును. మెలకువలో అంతరము జ్ఞప్తికి రాగానే ఇంకిపోవును.

దాన ఇచ్చిన మోటారుతో దిమ్మరి ఏమి చేయును? ఆ మేలిరకపు రోల్స్ రాయిస్ బండి నడుపుకొనుచు వీధివెంట పోవును. ఎవడో చుట్టముక్క పారవేయగా మరియొక బికారి దానికై వంగును. మన దిమ్మరి బండి ఆపి, దూకి, వానిని త్రోసి, ఆ ముక్కను తాను తీసికొని, మరల బండి ఎక్కి పోవును. ఆ బికారి నోరు తెరచి చూచుచుండును. ఆస్తి చేతికి వచ్చినంత మాత్రమున ఆకలి అలవాటు పోదని ఇంత నవ్వించి చెప్పినవారు అరుదు.

పూలమ్మి జ్వరపడును. ఆమెయు, ముసలి అవ్వయు ఇంటి అద్దె 22 డాలర్లు చెల్లింపలేక వీధిపాలగు స్థితి వచ్చును. చూపు తెప్పించు వైద్యుడు వియన్నాలో కలడని పత్రికలో వార్త వచ్చును. ఇల్లులేనివాడు ఇంకొకరి ఇల్లు నిలుపుటకై పాటుపడుట ఇచ్చట మొదలగును. దిమ్మరి వీధులూడ్చు పనిలో చేరును. కంచరగాడిదల గుంపు ఎదురుకాగా, వాని వెనుక ఊడ్వవలసినదానికి జడిసి మరియొక త్రోవ పట్టును. అచ్చట ఏనుగు ఎదురగును. ఆ పని పోవును. ముష్టియుద్ధమున ఒకనితో ఒప్పందము చేసికొని, దెబ్బలు తినకుండ 50 డాలర్లు చెరిసగము పంచుకొనజూచును. ఆ మనిషి పారిపోయి, నిజమైన మల్లుడు వచ్చి చావగొట్టును. తుదకు త్రాగియున్న కోటీశ్వరుడు 1000 డాలర్లు ఇచ్చును. ఆ క్షణముననే దొంగలు ఇంట జొరబడి ఆతని తలపై మోదుదురు. తెలివి వచ్చిన ధనికునకు తానిచ్చినది జ్ఞప్తి లేదు. దానము దొంగతనమైపోవును. దిమ్మరి పోలీసుల చేతినుండి తప్పించుకొని, సొమ్ము ఆ బాలిక చేతిలో పెట్టి చెరసాలకు పోవును.

కొన్ని నెలల తరువాత విడుదలయి వచ్చినప్పుడు ఆతనిని చూడలేము. బెత్తము లేదు, నడకలో చెలాకితనము లేదు, బట్టలు పీలికలు. పత్రికలమ్ము పిల్లలు గేలి చేయుదురు. పూలమ్మికి చూపు వచ్చినది. చక్కని అంగడి పెట్టుకొనినది. మోటారు దిగిన ప్రతి ధనికునియందును తన ఉపకారిని వెదకుకొనుచుండును. అద్దము వెనుకనుండి ఈ బికారిని చూచి నవ్వును. ఆతడు తనవంక కన్నార్పక చూచుట గమనించి, జాలిపడి ఒక పువ్వును నాణెమును ఇయ్యబోవును. ఆతడు సిగ్గుతో తొలగిపోజూడగా చేయి పట్టుకొని నాణెము అరచేత నుంచును. ఆ చేతి స్పర్శ తగులగనే ఆమె నవ్వు ఆగిపోవును. ఆమె వ్రేళ్లు ఆతని చేతిని, కోటును తడవును. కన్నులు గుర్తింపనిది చేయి గుర్తించినది. చిత్రము అచ్చట ముగియును. తరువాత వారేమయిరో చాప్లిన్ చెప్పలేదు.

మహాశయులారా! గంట ఇరువది నిమిషములకు పైగా ఆ బికారిని చూచి మనమే నవ్వితిమి. నీళ్లు ముఖమున పడిననాడు నవ్వితిమి, ఏనుగు వచ్చిననాడు నవ్వితిమి. ఆమె అద్దము వెనుకనుండి నవ్వినప్పుడు మాత్రము మనకు నవ్వు రాదు. మన నవ్వే ఆమె ముఖమున కనబడును. విషాద నాటకము మనచే కన్నీరు పెట్టించి, మనము దయగలవారమన్న సంతృప్తితో ఇంటికి పంపును. ఈ హాస్యము అంత సులువుగా వదలదు. నవ్వించి, ఎవరిని చూచి నవ్వితివో తెలిసినదా అని అడుగును. నాణెమిచ్చుట సులభము, మనిషిని గుర్తించుట కష్టమని ఈ చిత్రము చెప్పుచున్నది.

ఈ చిత్రీకరణ 1928 చివర ప్రారంభమయ్యెను. 1929 అక్టోబరున అమెరికా వాటాల విపణి కూలెను. చిత్రము వెలువడునాటికి పట్టణముల అంచున రేకులతోను అట్టలతోను కట్టిన గుడిసెలు లేచినవి. 1933 నాటికి పనిచేయగలవారిలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి పని లేదు. అయినను ఈ దిమ్మరి ఆ సంక్షోభమునకు పుట్టినవాడు కాడు. 1914 నుండియు తెరపై తిరుగుచున్నవాడే. సంపద పొంగిననాడును ఆతనికి ఇల్లు లేదు. మన దేశమున 2011 జనాభా లెక్కలలో ఇల్లులేనివారు 17 లక్షల 70 వేలకు పైగా తేలిరి. వారు ఏ తెరమీదనో లేరు. రైలు నిలయములలో, అంగళ్ల అరుగులపై, వంతెనల క్రింద మనము దాటిపోవుచున్నవారే.

1931 సెప్టెంబరు 22వ తేదీన, ఈ చిత్రము తరువాతి యాత్రలోనున్న చాప్లిన్, రౌండ్ టేబుల్ సమావేశమునకు వచ్చిన గాంధీ మహాత్ముని లండను తూర్పుభాగమున పేదల పేటలో కలిసికొనెను. యంత్రములనుగూర్చి వారిరువురును ముచ్చటించుకొనిరి. యంత్రము నడుమ నలిగిన మనిషి కథగా చాప్లిన్ 1936లో ‘మోడరన్ టైమ్స్’ తీసెను. కొల్లాయి గట్టినవాడొకడు, చిరుగుల కోటు తొడిగినవాడొకడు. ఇరువురి దృష్టియు అట్టడుగు మనిషిమీదనే నిలిచెను.

ఇక ఒక సందేహము. ఒక పేదపిల్ల కంటిచూపు ధనికుని త్రాగుడుమీద ఆధారపడవచ్చునా? ఆ రాత్రి ఆతడు త్రాగకుండిన ఆమె గతి యేమి? చాప్లిన్ ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. కాని మనకు చెప్పకతప్పదు. పొంగినప్పుడిచ్చి, ఇంకినప్పుడు గెంటు దయపై ఏ ఊరును నిలువదు. మెలకువలో చేయు దయ కావలెను. దానికి ఒక కట్టుబాటు, ఒక తలుపు, ఆ తలుపు తెరచు వేళ ఉండవలెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిన అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు చేసినది ఇట్టి పనియే. చందా ఇచ్చువాడు త్రాగి ఇయ్యడు. పుస్తకము పుచ్చుకొనువాడు చేయి చాచడు. ఈ బల్లమీద భూస్వామియు కూలివాడును ప్రక్కప్రక్కన కూర్చుండి ఒకే పత్రికను చెరియొక పుట చదువుకొందురు. ఇరువదియైదేండ్లుగా ఈ తలుపు తెరచుచున్నవారికి నా అభినందనములు.

అయితే ఒక మనవి. రేపు మన వాకిట వానకు తలదాచుకొనుటకై ఎవడైన పరదేశి వచ్చి నిలిచినచో, ఇది చదువుకొనువారి చోటని వానిని పంపివేయకుడు. లోనికి పిలిచి, పేరు అడుగుడు. ఊరు అడుగుడు. దాహమిండు. చదువు వచ్చినచో పత్రిక చేతికిండు; రాకున్నచో చదివి వినిపింపుడు. రజతోత్సవమునకు అంతకు మించిన కానుక నేను కోరను.