వేగమునకు ముకుతాడు

కమ్మరి కొలిమిని మనలో పలువురు చూచియే యుందురు. తిత్తి నూదిన కొలది నిప్పు రాజుకొనును. మోటారు కారు ఇంజనునకు గూడ అట్టి తిత్తి యొకటి కలదు. దానినే సూపర్‌ఛార్జరు అందురు. సాధారణమైన ఇంజను బయటిగాలిని తానే పీల్చుకొనును. సూపర్‌ఛార్జరు గల ఇంజనులో గాలి బలవంతముగ లోనికి కూరబడును. గాలి హెచ్చైనచో దానికి దగినంత పెట్రోలును మండించి, హెచ్చు శక్తిని పొందవచ్చును.

ఈ యూహ క్రొత్తది కాదు. అమెరికాలో రూట్స్ సోదరులు 1860లో ఒక గాలియంత్రమునకు పేటెంటు పొందిరి. 1921లో బెర్లిన్ ప్రదర్శనమున మెర్సిడెస్ వారు సూపర్‌ఛార్జరు గల కార్లను జనులకు చూపిరి. ఇటీవలి వానిలో 2015 నమూనాగా వెలువడిన డాడ్జి ఛాలెంజరు హెల్‌క్యాట్ ప్రసిద్ధమైనది. దాని ఇంజను 6.2 లీటర్లది, శక్తి 707 అశ్వబలములు.

ఎంతటి ఇంజనుకైనను ఒక హద్దుండును. పిస్టను పైకి పోయి, ఆగి, క్రిందికి మరలును. అట్లు మరలునప్పుడెల్ల కనెక్టింగు రాడ్డుపై లాగుడు పడును. ఈ లాగుడు వేగముతో సమానముగ గాక, వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. నిమిషమునకు 6000 చుట్లు తిరుగు ఇంజను 7000 చుట్లు తిరిగినచో, వేగము పెరిగినది ఆరవవంతే. లాగుడు మాత్రము నూటికి 36 వంతులు పెరుగును. వాల్వుల స్ప్రింగులును అంత వేగమునకు అందుకొనలేక వెనుకబడును. అందుచే ఇంజనునకు ముకుతాడు వేసిరి. అదియే రెవ్ లిమిటరు. హద్దు చేరగనే అది పెట్రోలునో, స్పార్కునో, రెంటినో ఆపును. వేగము తగ్గగనే మరల విడుచును.

ఇక దుడుకుగా గేర్లు మార్చు వాని సంగతి చూతము. అతడు యాక్సిలరేటరుపై కాలు తీయకయే క్లచ్చి నొక్కును. బరువు తొలగిన ఇంజను రెప్పపాటులో హద్దుకు ఎగసి లిమిటరును తాకును. కాలు తీసియున్నచో, సూపర్‌ఛార్జరు ప్రక్కనున్న బైపాస్ వాల్వు తెరచుకొని, గాలి వచ్చిన దారినే తిరిగిపోయెడిది. కాలు తీయలేదు గనుక ఆ వాల్వు మూసియే యుండును. ఒత్తిడితో గూడిన గాలి సిలిండర్లలోనికి వచ్చుచునే యుండును. అప్పుడు స్పార్కు మాత్రమే ఆగినచో, మండని పెట్రోలు పొగగొట్టమున బడి అచ్చట అంటుకొనును. పొగను శుద్ధిచేయు క్యాటలిటిక్ కన్వర్టరు కాగి పాడగును. పెట్రోలు ఆగుటలో నొక సిలిండరునకు అరకొరగ అందినచో, గాలి హెచ్చి పెట్రోలు తగ్గిన ఆ మిశ్రమము అకాలముగ ప్రేలి పిస్టనును దెబ్బతీయవచ్చును.

బెల్టు సంగతియు నిట్టిదే. హెల్‌క్యాట్‌లో ఇంజను ఒక చుట్టు తిరిగినచో సూపర్‌ఛార్జరు 2.36 చుట్లు తిరుగును. ఇంజను 6200 చుట్లలో నున్నప్పుడు అది సుమారు 14,600 చుట్లు తిరుగుచుండును. గేరు మారి ఇంజను వేగము 4300కు పడినదనుకొందము. సూపర్‌ఛార్జరు క్షణములో పదివేల చిల్లరకు దిగవలయును. అంతవరకు ఇంజనుచే లాగబడిన రోటర్లు ఇప్పుడు బెల్టును తామే తోయును. బిగువు ప్రక్క వదులై, వదులు ప్రక్క బిగువగును. లిమిటరుపై ఇంజను ఎగిరిపడుచున్నంతసేపు ఈ కుదుపు మరల మరల కలుగును.

అన్నిటికన్న ముఖ్యమైనది మరియొకటి కలదు. లిమిటరు ఆపగలిగినది మంటను మాత్రమే. మూడవ గేరులో 6000 చుట్ల వద్ద నున్నవాడు నాల్గవ గేరనుకొని రెండవ గేరు వేసినాడనుకొందము. మూడవ గేరు నిష్పత్తి 1.4, రెండవది 2.1 అయినచో, క్లచ్చి వదలగనే చక్రములే ఇంజనును 9000 చుట్లకు ఈడ్చుకొనిపోవును. అచ్చట పెట్రోలు లేదు, స్పార్కు లేదు. అయినను వాల్వులు వంగును, రాడ్లు విరుగును. వాలులో బండియే ఎద్దును తరుముకొనిపోవునప్పుడు ముకుతాడు పట్టి ఏమి ప్రయోజనము?

కావున లిమిటరును గేరు మార్చుటకు గంటగా నెంచరాదు. హద్దుకు కొన్ని వందల చుట్లు ముందుగనే మార్చుట మేలు. మార్చునప్పుడు, కారు తయారించినవారు వేరుగ చెప్పియున్న తప్ప, కాలు తీయవలయును. సూపర్‌ఛార్జరు చిన్నకప్పీ వేసి గాలియొత్తిడి పెంచినవారు, ఇంజను హద్దుతోబాటు సూపర్‌ఛార్జరు హద్దును గూడ లెక్కించి లిమిటరును అమర్చుకొనవలయును.

లిమిటరు చేయి జారిన క్షణమున ఆదుకొనుటకు ఏర్పడినది; చేతికి బదులుగ పనిచేయుటకు గాదు. ఇంజనును కాపాడునది చివరకు దానిని నడుపువాని చెవియు, చేయియు, నిదానమును.