మన భవంతి ఇండ్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా దొంతన్‌పల్లి ప్రజలకు పుస్తకపఠనమును అలవాటు చేసిన ఈ సంస్థ రజతోత్సవమున మాటలాడు అవకాశము నాకు కలిగినందులకు కృతజ్ఞుడను. గ్రంథములను గూర్చి చెప్పదగిన పెద్దలు ఈ సభలో పలువురు కలరు. నేను మన పాత ఇండ్ల కట్టుబడిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

తెలంగాణమున భవంతి యనియు, కోస్తా జిల్లాలలో మండువా లోగిలి యనియు పిలువబడు ఇంటి తీరు మీకు తెలిసినదే. వీధివైపు అరుగులు, వాటి నడుమ చెక్కడపు దర్వాజ, లోపల ఆకాశమునకు తెరచిన నడిమి వాకిలి, దాని చుట్టును కొయ్యస్తంభముల వసారాలు, వాటి వెనుక గదులు, చివరను పెరడు. బాటసారికి అరుగు, చుట్టమునకు వసారా, ఇంటివారికి గదులు. ఎవరి మర్యాద వారికి ఆ కట్టుబడిలోనే యేర్పడి యుండెను.

ఈ తీరునకు కారణములు కలవు. మూరెడు, మూరెడున్నర మందముగల మట్టిగోడను దాటి పగటి యెండ వేడి లోపలికి చేరునప్పటికి ప్రొద్దు క్రుంకును. నడిమి వాకిలినుండి వేడిగాలి పైకి పోవును. రాత్రి చల్లగాలి అందులోనికి దిగును. గూనపెంకుల కప్పుపై పడిన వాన వాకిలిలోనికి జారి తూమువెంట బయటికి పోవును. స్తంభమును నేలలో పాతక రాతి దిమ్మపై నిలుపుటవలన చెమ్మయు చెదలును కొయ్యను సులభముగా అంటవు. సున్నమును, ఇసుకను ఎడ్లగానుగలో నూరి, బెల్లపు నీరు, కరక్కాయ రసము కలిపి డంగుసున్నము చేసెడివారు. ఆ పూత గోడలోని చెమ్మను బయటికి పోనిచ్చును. నేడు మట్టిగోడపై సిమెంటు పూయుచున్నాము. చెమ్మ లోపలనే నిలిచి గోడ క్రుళ్లును. అప్పుడు పాత ఇల్లు పనికిరాదని అందుము. తప్పు ఇంటిది కాదు, మన మరమ్మతుది.

ఈ మాట చెప్పుటకు నాకు అర్హత కలదా యని సందేహము. మా తాతగారు కట్టించిన భవంతిని అన్నదమ్ములము పంచుకొనలేక, పెంకులు సర్దించు ఖర్చు భరింపలేక, విప్పించితిమి. స్తంభములను, దర్వాజను ఒక వర్తకుడు కొనిపోయెను. ఆ సొమ్ము ఆరు నెలలలో కరగిపోయెను. మా మనుమరాలు తాతల ఇల్లు ఎట్లుండెనని అడిగినప్పుడు చూపుటకు ఒక్క చిత్రపటమైనను నాయొద్ద లేకపోయెను. ఇల్లు పోయినందుకంటె, దాని కొలతలైన వ్రాసి యుంచనందుకు నేనెక్కువ సిగ్గుపడితిని.

ఇట్టి ఇండ్లలో పెద్దవి గడీలు. వాటి గోడలలో వెట్టివారి చెమట కలదు. 1946 నుండి 1951 వరకు జరిగిన సాయుధ పోరాటమున ప్రజల కోపము గడీలపై పడుటకు కారణమదియే. వాటిని నిలుపనేల యని అడుగుట న్యాయమే. కాని ఆ గోడలను లేపిన చేతులు వడ్డెరలవి, వడ్రంగులవి, కుమ్మరులవి. దొర పేరు కాగితములలో మిగులును. పనివానికి అతని పనియే గురుతు. దానిని కూల్చినచో రెండవసారి అతనికి అన్యాయము చేసినవారమగుదుము.

కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటను ఓపికతో బాగుచేయగా, 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారములలో దానికి గౌరవము లభించినది. బ్రిటనులో 1947 నాటి ప్రణాళికా చట్టము మొదలుకొని పాతకట్టడముల పట్టీలు పెంచుచు వచ్చిరి. నేడు ఒక్క ఇంగ్లండులోనే 3,50,000కు పైగా కట్టడములు పట్టీకెక్కినవి. వాటిలో పల్లెటూరి రైతుల గడ్డి కప్పుల ఇండ్లును కలవు. అనుమతి లేక యజమానియైనను వాటిని కూల్చరాదు. మనకును 1960లో ఆంధ్రప్రదేశ్ పురావస్తు చట్టము, 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చినవి. అయినను మన వీధిలోని సామాన్యుని ఇంటిని మొదట గుర్తింపవలసినవారము మనమే.

కనుక ఈ గ్రంథాలయమునకు ఒక విన్నపము. ఒక లావుపాటి పుస్తకమును కొనుడు. ఈ ఊరిలోను, చుట్టుప్రక్కలను మిగిలిన పాత ఇండ్లను ఒక్కొక్కటిగా బడిపిల్లలచేత కొలిపించి, పటములు గీయించి, ఛాయాచిత్రములు తీయించి అందులో చేర్చుడు. కట్టినవారి పేర్లు పెద్దలకు జ్ఞాపకమున్నచో అవియు వ్రాయుడు. నిలుపుకొనగలవారు ఇంటిని నిలుపుకొందురు. నిలుపుకొనలేనివారు విప్పుటకు ముందైనను ఇచ్చట చెప్పిపోవుదురు గాక. ఆ పుస్తకమునకు నా వంతుగా, మా ఇంటి కొలతలను జ్ఞాపకమున్నంతవరకు వ్రాసి తెచ్చితిని. మొదటి పుటగా దీనిని స్వీకరింప వేడుచు సెలవు తీసికొనుచున్నాను.